పాఠం 14: జన్యుక్రమాలను వెదకడం – చదివి అర్థం చేసుకోవడం

14.1 పరిచయం

ఆరోగ్య కార్యకర్త మీ ఊరికి వచ్చి, వేలి కొన నుంచి రక్తం తీసి పరీక్షించి, ఇంటికి ఒక కార్డు ఇచ్చి వెళ్లారనుకోండి. ఆ కార్డు మీద "ఎ.ఎస్." అని రెండే అక్షరాలు ఉన్నాయి. ఇంట్లో పెళ్లి కావలసిన అమ్మాయి ఉంది. "ఇదేదో జబ్బట" అని ఒకరు, "పిల్లను చేసుకోవద్దు" అని మరొకరు అంటారు. ఆ రెండక్షరాలకు అర్థం ఏమిటో సరిగా చెప్పగలిగిన మనిషి పక్కన ఉంటే ఆ ఇంటికి ఎంత మేలు!

ఇది కల్పించిన కష్టం కాదు. కొడవలి కణ రక్తహీనతను, అంటే సికిల్ సెల్ వ్యాధిని నిర్మూలించడానికి భారత ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో కలిపి 17 రాష్ట్రాలలో, ముఖ్యంగా గిరిజన ప్రాంతాలలో, 40 ఏళ్లలోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యంగా పెట్టుకొంది. అందువల్ల ఇలాంటి కార్డులు చాలా ఇళ్లకు చేరుతున్నాయి.

ఆ కార్డు వెనుక ఒక జన్యువు ఉంది. ఆ జన్యువులోని అక్షరాలన్నీ ఈనాడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు గాని, ఫోను గాని ఉంటే చాలు. అయితే దొరకడం వేరు, అర్థం కావడం వేరు. ఈ పాఠంలో మనం ఒకే ఒక జన్యువును వెదికి, దానిని అక్షరం అక్షరంగా చదివి, దానిలోని మార్పులకు అర్థం చెప్పడం నేర్చుకొందాం.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• జన్యుక్రమాల దత్తాంశ నిధులు ఏవో, వాటి మధ్య తేడా ఏమిటో చెప్పగలుగుతారు.
• ఒక జన్యువు రికార్డును వెదికి, దానిలోని ముఖ్యమైన భాగాలను గుర్తించగలుగుతారు.
• అక్షరాలను మూడేసిగా విడదీసి అమైనో ఆమ్లాలుగా చదవగలుగుతారు.
• ఒక అక్షరం మార్పు హానికరమో కాదో నిర్ణయించడానికి ఏయే విషయాలు చూడాలో వివరించగలుగుతారు.
• ఇలా చదవడానికి ఉన్న హద్దులను తెలుసుకొంటారు.

14.3 కొంత పునశ్చరణ

జన్యువు అంటే డి.ఎన్.ఎ.లో ఒక భాగం. డి.ఎన్.ఎ. నాలుగు క్షారాలతో ఏర్పడుతుంది. అవి ఎడినిన్, థయమిన్, గ్వానిన్, సైటోసిన్. వీటిని క్లుప్తంగా ఎ, టి, జి, సి అని రాస్తారు. ఈ క్షారాలు ఒకదాని తరువాత ఒకటి ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసనే జన్యుక్రమం అంటారు. ఈ పాఠంలో వాటిని తెలుగు అక్షరాలలో రాస్తున్నాం. కంప్యూటరు తెర మీద మాత్రం అవే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.

మూడు క్షారాలు కలిసి ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. ఈ మూడింటి గుంపును కోడాన్ అంటారు. ఏ కోడాన్ ఏ అమైనో ఆమ్లాన్ని సూచిస్తుందో తేల్చిన శాస్త్రజ్ఞులలో హరగోవింద ఖొరానా ఒకరు. నేటి పాకిస్తాన్‌లో ఉన్న రాయ్‌పూర్ అనే చిన్న గ్రామంలో ఆయన పుట్టారు. ఈ కృషికి 1968లో నైరెన్‌బర్గ్, హోలీలతో కలిసి నోబెల్ బహుమతి పొందారు.

మన ఉదాహరణ హెచ్.బి.బి. అనే జన్యువు. ఇది 11వ క్రోమోసోము మీద ఉంటుంది. ఎర్ర రక్తకణాలలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు తయారుకావడానికి ఈ జన్యువే ఆధారం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మనలో ప్రతి ఒక్కరికీ ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి. కార్డు మీద రెండు అక్షరాలు ఎందుకు ఉన్నాయో దీనివల్లనే తెలుస్తుంది.

14.4 జన్యుక్రమాలు ఎక్కడ నిలవ ఉంటాయి?

గ్రంథాలయంలో పుస్తకాలు ఉన్నట్లే జన్యుక్రమాలకు దత్తాంశ నిధులు ఉన్నాయి. వీటినే డేటాబేసులు అంటాం. ముఖ్యమైనవి మూడు. అమెరికాలో 1982లో మొదలైన జెన్‌బ్యాంక్, ఐరోపా వారి న్యూక్లియోటైడ్ ఆర్కైవ్, జపాన్ వారి డి.డి.బి.జె. ఈ మూడూ ప్రతిరోజూ తమ సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొంటాయి. కాబట్టి ఒకచోట చేరిన క్రమం మిగతా రెండుచోట్లా దొరుకుతుంది. మన దేశంలో కూడా ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ 2022 నవంబరులో ప్రారంభమైంది.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. జెన్‌బ్యాంక్‌లో ఉన్నవి పరిశోధకులు ఎవరికి వారు పంపిన క్రమాలు. ఒకే జన్యువును పదిమంది పంపితే పది రికార్డులూ ఉంటాయి. కొన్ని అసంపూర్ణంగా ఉండవచ్చు, కొన్నింటిలో తప్పులు ఉండవచ్చు. వీటిని పరిశీలించి, ఒక్కొక్క జన్యువుకు ప్రమాణంగా వాడదగిన క్రమాన్ని ఎంచి పెట్టిన సంకలనం మరొకటి ఉంది. దాని పేరు రెఫ్‌సెక్. మార్కెట్లో రకరకాల తక్కెడలు ఉన్నా, తూనికల శాఖ దగ్గర ప్రమాణపు రాయి ఒకటి ఉంటుంది కదా! రెఫ్‌సెక్ అటువంటిది. కొత్తగా నేర్చుకొనే వారు దీనితో మొదలుపెట్టడం మంచిది.

రెఫ్‌సెక్ రికార్డుల పేర్లు రెండు అక్షరాలతో మొదలవుతాయి. వాటి అర్థాలు ఇవి:

ఎన్.ఎం. – సందేశ ఆర్.ఎన్.ఎ. క్రమం
ఎన్.పి. – ప్రోటీను క్రమం
ఎన్.జి. – జన్యువు ఉన్న ప్రాంతం మొత్తం
ఎన్.సి. – పూర్తి క్రోమోసోము

పాఠ్యగత ప్రశ్నలు – 1

1. జెన్‌బ్యాంక్‌కూ రెఫ్‌సెక్‌కూ ముఖ్యమైన తేడా ఏమిటి?
2. ఒక రికార్డు పేరు "ఎన్.పి." అని మొదలైతే అందులో ఎ, టి, జి, సి అక్షరాల వరుస ఉంటుందా?

14.5 వెదికే పద్ధతి

అమెరికాలోని ఎన్.సి.బి.ఐ. అనే జాతీయ కేంద్రం వెబ్‌సైటులో ఈ నిధులన్నింటినీ ఒకేచోట వెదకవచ్చు. ఈ కింది మెట్లను వరుసగా అనుసరించండి.

మొదటి మెట్టు: వెదికే పెట్టెకు పక్కన ఉన్న జాబితాలో "జీన్" అనే నిధిని ఎంచుకోండి.

రెండో మెట్టు: పెట్టెలో జన్యువు పేరు హెచ్.బి.బి. మూడక్షరాలను చుక్కలు లేకుండా ఇంగ్లీషులో టైపు చేయండి. దానితోపాటు "హోమో సేపియన్స్" అని మనిషి శాస్త్రీయ నామం కూడా చేర్చండి. ఎలుకకు, కోతికి, ఇతర జంతువులకు కూడా హీమోగ్లోబిన్ ఉంది. జాతి పేరు చేర్చకపోతే వాటి రికార్డులు కూడా వచ్చి పడతాయి.

మూడో మెట్టు: తెరుచుకొన్న పుటలో రెఫ్‌సెక్ అనే భాగానికి వెళ్లండి. అక్కడ ఎన్.ఎం._000518 అనే పేరు కనిపిస్తుంది. ఇదే మనకు కావలసిన రికార్డు. ఈ సంఖ్యను ప్రాప్తి సంఖ్య అందాం.

నాలుగో మెట్టు: ప్రాప్తి సంఖ్య చివర చుక్క పెట్టి మరొక అంకె ఉంటుంది. అది కూర్పు సంఖ్య. రికార్డులోని క్రమాన్ని సవరించినప్పుడల్లా ఈ అంకె పెరుగుతుంది. మన పాఠం 5వ కూర్పు ఆధారంగా రాసింది. మీరు నోటు పుస్తకంలో రాసుకొనేటప్పుడు ప్రాప్తి సంఖ్యతోపాటు కూర్పు సంఖ్యను కూడా తప్పక రాసుకోండి. పుస్తకం ముద్రణ మారితే పుట సంఖ్యలు మారినట్లే, కూర్పు మారితే అక్షరాల స్థానాలు మారవచ్చు.

ఒక్కొక్కసారి జన్యువు పేరు తెలియదు, అక్షరాల వరుస మాత్రమే చేతిలో ఉంటుంది. అప్పుడు 1990లో రూపొందిన బ్లాస్ట్ అనే సాధనాన్ని వాడతారు. అది మీ వరుసను నిధిలోని వరుసలతో పోల్చి, దగ్గరగా ఉన్నవాటిని చూపుతుంది. అయితే పోలిక ఉన్నంత మాత్రాన అదే అని తీర్మానించకూడదు. మనిషి బీటా గొలుసు, చింపాంజీ బీటా గొలుసు అమైనో ఆమ్లాల వరుసలో పూర్తిగా ఒకటే. ఆ ప్రోటీను క్రమం ఒక్కటే చూసి అది ఎవరిదో చెప్పలేం.

14.6 రికార్డును చదవడం

రికార్డు తెరవగానే చాలా సమాచారం కనిపిస్తుంది. కంగారు పడకండి. ముందుగా నాలుగు విషయాలు చూస్తే చాలు.

(అ) పొడవు: ఈ రికార్డులో 628 క్షారాలు ఉన్నాయి.

(ఆ) జీవి: హోమో సేపియన్స్ అని ఉండాలి. లేకపోతే మీరు తప్పు రికార్డు తెరిచారు.

(ఇ) సంకేత భాగం: దీనిని తెర మీద "సి.డి.ఎస్." అని రాస్తారు. ఇక్కడ 51 నుంచి 494 వరకు అని ఉంటుంది. ప్రోటీను తయారీకి పనికివచ్చేది ఈ భాగమే. దీనికి ముందు ఉన్న 50 క్షారాలు, వెనుక ఉన్నవి అమైనో ఆమ్లాలుగా మారవు.

(ఈ) అక్షరాల వరుస: ఇది రికార్డు చివర ఉంటుంది. పంక్తికి 60 అక్షరాల చొప్పున, పదేసి అక్షరాల గుంపులుగా రాసి ఉంటుంది. ప్రతి పంక్తి మొదట ఉన్న అంకె, ఆ పంక్తిలోని మొదటి అక్షరం స్థానాన్ని తెలుపుతుంది.

ఇది సందేశ ఆర్.ఎన్.ఎ. రికార్డు అయినప్పుడు యురాసిల్ ఉండాలి, థయమిన్ ఎందుకు ఉందని మీకు సందేహం రావచ్చు. నిధులలో సౌకర్యం కోసం అన్ని రికార్డులలోనూ యురాసిల్ బదులు టి అక్షరాన్నే రాస్తారు. అంతే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. 51 నుంచి 494 వరకు మొత్తం ఎన్ని క్షారాలు? 494లో నుంచి 50 తీసివేస్తే 444. దీనిని 3తో భాగిస్తే 148 కోడాన్లు. చివరి కోడాన్ "ఇక ఆపు" అని చెప్పే సంకేతం. దానిని తీసివేస్తే 147 అమైనో ఆమ్లాలు. రికార్డులోని ప్రోటీను పొడవు కూడా 147 అనే ఉంటుంది. మీ లెక్క సరిపోయింది కదా! సంకేత భాగాన్ని 3తో భాగించినప్పుడు శేషం మిగిలితే, ఎక్కడో పొరపాటు చేశారని గానీ రికార్డు అసంపూర్ణమని గానీ గ్రహించాలి.

కృత్యం

51వ స్థానం మొదటి పంక్తిలోని చివరి గుంపు ప్రారంభంలో ఉంది. ఆ గుంపు, దాని తరువాత రెండో పంక్తిలోని రెండు గుంపులు ఇలా ఉంటాయి:

51 నుంచి 60: ఎ టి జి జి టి జి సి ఎ టి సి
61 నుంచి 70: టి జి ఎ సి టి సి సి టి జి ఎ
71 నుంచి 80: జి జి ఎ జి ఎ ఎ జి టి సి టి

పుస్తకం పక్కన పెట్టి, వీటిని కాగితం మీద మూడేసి అక్షరాలుగా విడదీయండి. పదేసి అక్షరాల గుంపులకూ కోడాన్లకూ సంబంధం లేదని గుర్తుంచుకోండి. ఆ గుంపులు లెక్కపెట్టే వీలు కోసమే. విడదీసిన తరువాత కింది జాబితాతో సరిచూసుకోండి.

1. ఎటిజి – మిథియోనిన్
2. జిటిజి – వాలిన్
3. సిఎటి – హిస్టిడిన్
4. సిటిజి – లూసిన్
5. ఎసిటి – త్రియోనిన్
6. సిసిటి – ప్రోలిన్
7. జిఎజి – గ్లుటామిక్ ఆమ్లం
8. జిఎజి – గ్లుటామిక్ ఆమ్లం
9. ఎఎజి – లైసిన్
10. టిసిటి – సెరిన్

మీరు ఒక జన్యువును అక్షరం అక్షరంగా చదివారు!

14.7 ఆరా? ఏడా?

కొడవలి కణ రక్తహీనతకు కారణం బీటా గొలుసులో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడమేనని వెర్నన్ ఇన్‌గ్రామ్ 1950లలో కనుగొన్నారు. చాలా పాఠ్యపుస్తకాలలో "ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ ఉంటుంది" అని చదువుతాం. ఇప్పుడు మీరు విడదీసిన జాబితాలో ఆరోది ఏమిటో చూడండి. ప్రోలిన్! మరి పుస్తకం తప్పా, రికార్డు తప్పా?

రెండూ ఒప్పే. కణంలో బీటా గొలుసు తయారైన తరువాత మొదటి మిథియోనిన్ ఊడిపోతుంది. రక్తంలో దొరికే గొలుసులో 146 అమైనో ఆమ్లాలే ఉంటాయి. ఇన్‌గ్రామ్ కాలంలో ప్రోటీనును నేరుగా పరిశీలించేవారు కాబట్టి వాలిన్‌ను ఒకటిగా లెక్కపెట్టారు. జన్యుక్రమం నుంచి లెక్కపెట్టేవారు మిథియోనిన్‌ను ఒకటిగా తీసుకొంటారు. అందువల్ల పాత లెక్కలో ఆరోది కొత్త లెక్కలో ఏడోది అవుతుంది.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఏడో కోడాన్, ఎనిమిదో కోడాన్ రెండూ జిఎజియే. ఎక్కడ నుంచి లెక్క మొదలుపెట్టారో చూడకుండా తొందరపడితే ఒకదానిని మరొకటిగా భ్రమపడవచ్చు. ఏ రికార్డులోనైనా, ఏ రిపోర్టులోనైనా ఒక అంకె కనిపిస్తే మొదట అడగవలసిన ప్రశ్న: "ఈ లెక్క ఎక్కడ నుంచి మొదలైంది?"

నిధులలో ఈ మార్పును రెండు రకాలుగా రాస్తారు.

"సి. 20 ఎ > టి": ఇక్కడ మొదటి "సి" సైటోసిన్ కాదు. సంకేత భాగం అని దాని అర్థం. సంకేత భాగంలో 20వ అక్షరం ఎ బదులు టి అయిందని చదువుకోవాలి.

"పి. గ్లు 7 వాల్": ప్రోటీనులో 7వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వచ్చిందని అర్థం.

సంకేత భాగం 51తో మొదలవుతుంది కాబట్టి, అందులో 20వ అక్షరం రికార్డులో 70వ అక్షరం అవుతుంది. పైన రాసిన 61 నుంచి 70 వరకు ఉన్న గుంపులో చివరి అక్షరం చూడండి. అది ఎ. ఆ ఒక్క ఎ స్థానంలో టి వస్తే జిఎజి అనేది జిటిజి అవుతుంది. అంటే గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలిన్ వస్తుంది.

ఇదే మార్పుకు ఆర్.ఎస్. 334 అనే మరొక పేరు ఉంది. ఆ పేరుతో వెదికితే "టి > ఎ" అని తలకిందులుగా కనిపిస్తుంది. భయపడవద్దు. డి.ఎన్.ఎ.కు రెండు పోగులు ఉంటాయి. ఒక పోగులో ఎ ఉన్నచోట రెండో పోగులో టి ఉంటుంది. క్రోమోసోము స్థానాలను ఒక పోగు మీద రాస్తారు, హెచ్.బి.బి. జన్యువు రెండో పోగు మీద ఉంది. మార్పు ఒకటే, చూసిన వైపు వేరు. అలాగే క్రోమోసోము మీద ఈ స్థానం మానవ జీనోము 37వ కూర్పులో 52,48,232; 38వ కూర్పులో 52,27,002. రెండు అంకెలు చూసి రెండు చోట్లు అనుకోరాదు.

పాఠ్యగత ప్రశ్నలు – 2

1. సంకేత భాగంలో 20వ అక్షరం ఏ కోడాన్‌లో ఎన్నో అక్షరం?
2. పాత పుస్తకంలో "26వ స్థానం" అని ఉంటే, రికార్డులో ఎన్నో కోడాన్ చూడాలి?

14.8 మూడు మార్పులు – మూడు అర్థాలు

ఒక అక్షరం మారగానే జబ్బు వస్తుందా? ఇదే జన్యువులోని మూడు మార్పులను పోల్చి చూద్దాం. మూడింటిలోనూ మారింది ఒక్క అక్షరమే.

మొదటి మార్పు: సంకేత భాగంలో 9వ అక్షరం టి బదులు సి కావడం. అప్పుడు మూడో కోడాన్ సిఎటి అనేది సిఎసి అవుతుంది. కాని ఈ రెండు కోడాన్లూ హిస్టిడిన్‌నే సూచిస్తాయి. ప్రోటీను మారదు. ఇది ఆరోగ్యవంతులలో మామూలుగా కనిపించే మార్పు. నిజానికి చాలా పాఠ్యపుస్తకాలలో సిఎసి అనే అచ్చయి ఉంటుంది. కాబట్టి ప్రమాణ క్రమంతో తేడా ఉండడం అంటే లోపం ఉండడం కాదు. ప్రమాణ క్రమం కేవలం పోల్చడానికి ఒక కొలబద్ద. అదే ఆరోగ్యానికి నమూనా అనుకోకూడదు.

రెండో మార్పు: మనం చూసిన 20వ అక్షరం మార్పు. గ్లుటామిక్ ఆమ్లానికి ఋణావేశం ఉంటుంది, అది నీటితో కలుస్తుంది. వాలిన్ నీటిని తప్పించుకొంటుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఇటువంటి హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులుగా మారతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్ర కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నని రక్తనాళాలలో అడ్డుపడుతుంది. నొప్పి, రక్తహీనత కలుగుతాయి. మన దేశంలో ఈ రకం హీమోగ్లోబిన్‌ను 1952లో నీలగిరి కొండల గిరిజనులలో మొదట గుర్తించారు.

మూడో మార్పు: ఇది సంకేత భాగంలో లేదు. జన్యువులో మూడు ఎక్సాన్లు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు ఉన్నాయి. సందేశ ఆర్.ఎన్.ఎ. తయారయ్యేటప్పుడు ఇంట్రాన్లను కత్తిరించి, ఎక్సాన్లను అతికిస్తారని మీకు తెలుసు. మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం జి బదులు సి అయితే ఆ కత్తిరింపు సరిగా జరగదు. బీటా గొలుసు బాగా తక్కువగా తయారవుతుంది. దీనివల్ల బీటా థాలసీమియా వస్తుంది. మన దేశంలో ఈ వ్యాధికి కారణమయ్యే మార్పులలో అన్నింటికన్న ఎక్కువగా కనిపించేది ఇదే. దీనిని "సి. 92 + 5 జి > సి" అని రాస్తారు. అంటే సంకేత భాగంలో 92వ అక్షరం దాటిన తరువాత ఇంట్రాన్‌లో ఐదోది అని.

ఇప్పుడు ఆలోచించండి. మనం తెరిచిన ఎన్.ఎం. రికార్డులో ఈ మూడో మార్పు స్థానాన్ని చూడగలమా? చూడలేం. సందేశ ఆర్.ఎన్.ఎ.లో ఇంట్రాన్లే ఉండవు కదా! దానికి ఎన్.జి. రికార్డు తెరవాలి. తగిన రికార్డు తెరవకుండా "ఇక్కడ మార్పేమీ లేదు" అనడం, వేరే ఊరి ఓటర్ల జాబితా చూసి "మీ పేరు లేదు" అన్నట్లే అవుతుంది.

14.9 జాగ్రత్తలు

ఒక మార్పుకు వ్యాధితో సంబంధం ఉందో లేదో తెలిపే మరొక నిధి క్లిన్‌వార్. అందులో మార్పులను ముఖ్యంగా ఐదు తరగతులుగా విభజిస్తారు: నిరపాయకరం, బహుశా నిరపాయకరం, ప్రాముఖ్యం తేలనిది, బహుశా వ్యాధికారకం, వ్యాధికారకం. వీటిలో "ప్రాముఖ్యం తేలనిది" అనే తరగతిని చాలామంది తప్పుగా అర్థం చేసుకొంటారు. దాని అర్థం "కొంచెం ప్రమాదం" అని కాదు. "ఆధారాలు ఇంకా చాలవు" అని మాత్రమే. ఆధారాలు చేరిన కొద్దీ తరగతి మారవచ్చు. కాబట్టి ఏ తేదీన చూశారో రాసుకోండి.

మార్పు అరుదైనదా, సామాన్యమైనదా అన్నది ఎవరిని పరీక్షించారు అన్నదానిపై ఆధారపడుతుంది. అంతర్జాతీయ నిధులలో ఐరోపా సంతతి వారి సమాచారం ఎక్కువ, దక్షిణాసియా వారిది తక్కువ. అక్కడ అరుదుగా కనిపించే మార్పు మన ప్రాంతంలో సామాన్యం కావచ్చు. ఈ లోటును తీర్చడానికి జీనోమ్ ఇండియా అనే పథకంలో దేశంలోని వివిధ సమూహాలకు చెందిన సుమారు 10 వేల మంది జీనోములను చదివారు. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

అన్నింటికన్న ముఖ్యమైన విషయం: నిధిలో ఉన్నది ప్రమాణ క్రమం. అది మీ క్రమం కాదు, మీ ఇంటివారి క్రమం కాదు. మీలో ఏ అక్షరం ఉందో రక్తపరీక్ష చెబుతుంది, దాని ఫలితాన్ని వైద్యుడు వివరిస్తాడు. నిధిని చదవడం వల్ల వైద్యుడిని సరైన ప్రశ్న అడగడం మీకు చేతనవుతుంది.

14.10 మళ్లీ ఆ కార్డు దగ్గరకు

"ఎ.ఎస్." అంటే ఏమిటో ఇప్పుడు మీరే చెప్పగలరు. రెండు ప్రతులలో ఒకదానిలో 70వ అక్షరం మామూలు ఎ, మరొకదానిలో టి. మామూలు ప్రతి తన పని తాను చేస్తుంది కాబట్టి ఆ అమ్మాయి వాహకురాలు మాత్రమే. సాధారణంగా ఆమె ఆరోగ్యంగానే ఉంటుంది. రెండు ప్రతులూ మారినవారి కార్డు మీద "ఎస్.ఎస్." అని ఉంటుంది. వారికి వ్యాధి ఉన్నట్లు. వారికి క్రమం తప్పకుండా వైద్యం కావాలి.

వాహకురాలు పెళ్లి చేసుకోకూడదా? అటువంటి నియమం ఏదీ లేదు. చూడవలసింది వరుని కార్డు. అతనిది "ఎ.ఎ." అయి, బీటా థాలసీమియా వంటి ఇతర మార్పులూ లేకపోతే, పిల్లలకు ఈ వ్యాధి రాదు. ప్రతి గర్భంలోనూ బిడ్డ వాహకం కావడానికి 50 శాతం అవకాశం మాత్రం ఉంటుంది. వరుడు కూడా "ఎ.ఎస్." అయితే ప్రతి గర్భంలోనూ వ్యాధి రావడానికి 25 శాతం, వాహకం కావడానికి 50 శాతం, ఏ మార్పూ లేకపోవడానికి 25 శాతం అవకాశం ఉంటుంది. వరునిలో బీటా థాలసీమియా మార్పు ఒకటి ఉన్నా కొడవలి కణ వ్యాధి పిల్లలకు రావచ్చు. అందుకే ఇద్దరూ ముందుగా పరీక్ష చేయించుకొని సలహా తీసుకోవాలి. అమ్మాయిని ఒక్కదాన్నే పరీక్షించి, ఆమెనే తప్పుపట్టడం అన్యాయమే కాదు, లెక్క ప్రకారం కూడా తప్పు.

14.11 మీరు ఏం నేర్చుకొన్నారు?

• జెన్‌బ్యాంక్ అందరూ పంపిన క్రమాల నిలవ. రెఫ్‌సెక్ పరిశీలించి ఎంచిన ప్రమాణ క్రమాల సంకలనం.
• రికార్డు చూసినప్పుడు జీవి, ప్రాప్తి సంఖ్య, కూర్పు సంఖ్య, సంకేత భాగం గమనించాలి.
• ప్రతి అంకె దగ్గరా లెక్క ఎక్కడ మొదలైందో, ఏ పోగు మీద చూశారో, ఏ కూర్పో అడగాలి.
• ఒక అక్షరం మారితే ప్రోటీను మారకపోవచ్చు, మారవచ్చు, అసలు తగినంత తయారే కాకపోవచ్చు.
• ప్రమాణ క్రమంతో తేడా ఉండడం, వ్యాధి ఉండడం ఒకటి కావు.

14.12 పాఠాంత ప్రశ్నలు

1. ఈశాన్య రాష్ట్రాలలోను, బంగ్లాదేశ్‌లోను హీమోగ్లోబిన్ ఇ అనే రకం ఎక్కువగా కనిపిస్తుంది. అందులో పాత లెక్క ప్రకారం 26వ స్థానంలో జిఎజి అనే కోడాన్ ఎఎజిగా మారుతుంది. (అ) ఏ అమైనో ఆమ్లం బదులు ఏది వస్తుంది? (ఆ) సంకేత భాగంలో ఎన్నో అక్షరం మారింది? (ఇ) ఎన్.ఎం._000518 ఐదో కూర్పులో అది ఎన్నో స్థానం?

2. మీ మిత్రుని రిపోర్టులో "ప్రాముఖ్యం తేలనిది" అని ఉంది. అతడు భయపడుతున్నాడు. అతనికి మీ మాటలలో అయిదు వాక్యాలు రాయండి.

3. మీ ఊరి సభలో "ఎ.ఎస్." కార్డు గురించి రెండు నిమిషాలు మాట్లాడవలసి వస్తే ఏం చెబుతారో రాసి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వారికి అర్థం కాని చోట మళ్లీ రాయండి.

14.13 జవాబులు

పాఠ్యగత ప్రశ్నలు – 1
1. జెన్‌బ్యాంక్‌లో పరిశోధకులు పంపిన రికార్డులన్నీ ఉంటాయి, ఒకే జన్యువుకు చాలా ఉండవచ్చు. రెఫ్‌సెక్‌లో పరిశీలించి ఎంచిన ప్రమాణ క్రమాలు ఉంటాయి.
2. ఉండదు. అది ప్రోటీను రికార్డు. అందులో అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది.

పాఠ్యగత ప్రశ్నలు – 2
1. ఏడో కోడాన్‌లో రెండో అక్షరం. (ఆరు కోడాన్లకు 18 అక్షరాలు; 19, 20, 21 ఏడోది.)
2. 27వ కోడాన్.

పాఠాంత ప్రశ్నలు
1. (అ) గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసిన్. (ఆ) 27వ కోడాన్‌కు ముందు 26 కోడాన్లు, అంటే 78 అక్షరాలు ఉన్నాయి. కాబట్టి 79వ అక్షరం. (ఇ) 79కి 50 కలిపితే 129వ స్థానం. రికార్డు తెరిచి 129వ అక్షరం జి అవునో కాదో మీరే చూసుకోండి.
2, 3. ఈ జవాబులు మీ సొంత మాటలలో ఉండాలి. రాసిన తరువాత 14.9, 14.10 భాగాలతో సరిచూసుకోండి. సందేహం మిగిలితే మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతిలో అడగండి.